దురదకు పేరు తెలియకముందే ట్యూబు రాస్తే

నెల్లూరులో చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లిన రోజు మా నాయన చేతిలో ఒక క్యారీబ్యాగు ఉంది. అందులో సగం సగం పిండిన ట్యూబులు తొమ్మిది. ఆమె వాటిని బల్ల మీద వరసగా పేర్చి, ఒక్కోదాని వెనక ఉన్న సన్నక్షరాలు ఓపిగ్గా చదివింది. పేర్లు వేరు, డబ్బాల రంగులు వేరు. కానీ తొమ్మిదింటిలో ఏడింట్లో స్టెరాయిడ్ ఉంది.

"ఇన్ని రాశారు కదా పెద్దాయనా, వీటిలో ఏది పనిచేసింది?" అని అడిగింది.

"అన్నీ పనిచేసినయ్ తల్లీ, రాసినన్నాళ్లూ" అన్నాడు నాయన.

మూడేళ్ల బాధంతా ఆ ఒక్క మాటలో ఉంది. రాస్తే రెండో రోజుకి తగ్గేది. ఆపితే వారం తిరక్కుండా మళ్లీ మొదలయ్యేది, ఈసారి ఇంకాస్త ఎక్కువ చోట్ల. కావలి దగ్గర మా పల్లెలో సూది వేసే ఆయన మూడు నాలుగు సార్లు సూదులు కూడా వేశాడు. వేసిన ప్రతిసారీ నాయన పది రోజులు హాయిగా నిద్రపోయాడు. ఆ సూదులూ స్టెరాయిడే అయి ఉంటాయని డాక్టరమ్మ చెప్పేదాకా మాకు తెలియదు. ఆ మధ్యలోనే నాయనకి షుగర్ పెరిగింది. స్టెరాయిడ్ సూదులు షుగర్‌ని పెంచుతాయని కూడా ఆ రోజే విన్నాం.

నేను డాక్టర్ని కాదు. నాయనతో పాటు ఆసుపత్రుల బెంచీల మీద కూర్చుని, అడిగి, ఆ తర్వాత పట్టుబట్టి చదివి తెలుసుకున్నది రాస్తున్నాను. ఎందుకంటే మా నెల్లూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో ఇలాంటి క్యారీబ్యాగు లేని ఇల్లు తక్కువ.

ముందు ఒక మాట సూటిగా చెప్పాలి. దురద అనేది రోగం పేరు కాదు. జ్వరం లాంటిదే, లోపల ఏదో ఉందని చెప్పే గుర్తు. జ్వరమని వెళితే మలేరియానా, టైఫాయిడా అని రక్తం పరీక్ష చేయించుకుంటాం. దురదకి మాత్రం మెడికల్ షాపు కౌంటర్ దగ్గర చెయ్యి చాపి, "దీనికేదన్నా ఇవ్వన్నా" అంటాం. ఆరు వారాలు దాటిన దురదని దీర్ఘకాలపు దురద అంటారు. ఆ గీత దాటాక దానికి పేరు తెలుసుకోకుండా మందు వాడితే చాలాసార్లు నష్టమే ఎక్కువ.

ఆ షాపు ట్యూబు చేసే పని కాస్త వివరంగా చూద్దాం. దాంట్లో సాధారణంగా మూడు రకాల మందులు కలిపి ఉంటాయి: బూజుజాతి క్రిములకి ఒకటి, బాక్టీరియాకి ఒకటి, ఎరుపూ దురదా అణచడానికి బలమైన స్టెరాయిడ్ ఒకటి. ఏ రోగమైనా ఏదో ఒకటి తగలకపోతుందా అన్నది దాని లెక్క. రెండు రోజుల్లో కనిపించే సుఖం మాత్రం స్టెరాయిడ్‌దే. చర్మం ఎర్రబడటం, ఉబ్బటం, దురద పెట్టడం ఇవన్నీ చాలావరకు మన ఒంట్లోని రక్షణ దళం చేసే గొడవ. స్టెరాయిడ్ ఆ దళాన్ని పడుకోబెడుతుంది. ఎగ్జిమా అంటే ఏ క్రిమీ లేకుండానే చర్మం వాచి దురద పెట్టే జబ్బు. అందులో అక్కర్లేకుండా గొడవ చేసేది ఆ దళమే, కాబట్టి అక్కడ అది సరైన మందు. తామరలో అయితే కింద క్రిమి బతికే ఉంటుంది, దాన్ని ఆపేవాళ్లు నిద్రలో ఉంటారు. పైకి కలుపు కోసినట్టు కనిపిస్తుంది, అడుగున దానికి ఎరువు వేసినట్టవుతుంది.

ఇంకో నష్టం కూడా ఉంది, నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే. స్టెరాయిడ్ రోగం ముఖాన్ని చెరిపేస్తుంది. తామరకి గుండ్రటి అంచు ఉంటుంది, గజ్జికి సన్నటి గీతలుంటాయి. ట్యూబు రాసీ రాసీ ఆ గుర్తులు పోతే, తర్వాత చూసే మంచి డాక్టర్‌కి కూడా చప్పున పోల్చుకోవడం కష్టమవుతుంది.

పేరు ఎలా తెలుస్తుందంటే, సగం మాటల్లోనే తెలుస్తుంది. డాక్టరమ్మ నాయనని ముట్టుకోకముందు పావుగంట ప్రశ్నలే అడిగింది. ఎక్కడ మొదలైంది? రాత్రి ఎక్కువా పగలు ఎక్కువా? ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? ఏ నెలల్లో పెరుగుతుంది? ఏం పని చేస్తారు? ఏమేం రాశారు, ఏమేం మింగారు?

వాటిలో "ఇంట్లో ఇంకెవరికైనా ఉందా" అన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది కానీ, గజ్జిని పట్టించేది అదే. గజ్జి అంటే మురికి వల్ల వచ్చేదని మనలో పాత నమ్మకం. అది తప్పు. అర మిల్లీమీటరు కూడా లేని ఒక పురుగు చర్మం పైపొరలో సొరంగం తవ్వుకుని గుడ్లు పెట్టడం వల్ల వస్తుంది. రోజూ రెండుసార్లు స్నానం చేసేవాళ్లకీ వస్తుంది. మామూలు గజ్జిలో ఒంటి మీద ఉండే పురుగులు పది, పదిహేనుకి మించవు. దురదంతా వాటికీ, వాటి గుడ్లకీ, విసర్జనకీ ఒళ్లు తిరగబడటం వల్ల వచ్చేది. అందుకే మొదటిసారి గజ్జి సోకిన మనిషికి నాలుగు నుంచి ఆరు వారాల దాకా దురదే ఉండకపోవచ్చు. ఈలోపు పక్కలో పడుకున్నవాళ్లకి అంటించేస్తాడు. వేలి సందులు, మణికట్టు, చంకలు, బొడ్డు చుట్టూ, నడుము, మర్మాంగాలు దానికి ఇష్టమైన చోట్లు. పసిపిల్లల్లో అయితే అరచేతులు, అరికాళ్లు, తల కూడా. దురద రాత్రి పడుకున్నాక ఎక్కువవుతుంది.

సంక్షేమ హాస్టల్ నుంచి సెలవులకి ఇంటికొచ్చిన పిల్లవాడు నెల తిరిగేలోగా ఇంటిల్లిపాదినీ గోకిస్తున్నాడంటే ముందు గజ్జినే అనుమానించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో దీన్ని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. మందు సులువైనదే, 5 శాతం పెర్మెత్రిన్ క్రీము. ఓడిపోయేది మనం వాడే తీరులో. దురద ఉన్నచోట మాత్రమే రాస్తాం, దురద ఉన్నవాళ్లకే రాస్తాం. అది మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కింద, వేలి సందుల్లో, బొడ్డులో, ఎక్కడా వదలకుండా రాత్రి రాసుకుని పొద్దున కడుక్కోవాలి. మధ్యలో చేతులు కడిగితే చేతులకి మళ్లీ రాయాలి. దురద ఉన్నా లేకపోయినా ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి. వారం తర్వాత ఇంకోసారి. దుప్పట్లు, లుంగీలు, తువాళ్లు వేడినీళ్లలో ఉతకాలి. ఉతకలేనివి కవర్లో మూతి బిగించి ఒక వారం పక్కన పెడితే చాలు, మనిషి ఒంటిని వదిలిన పురుగు రెండు మూడు రోజులకి మించి బతకదు. పసిపిల్లలకీ గర్భిణులకీ డాక్టర్ చెప్పినట్టే చేయాలి.

ఇంకొకటి తప్పక గుర్తుంచుకోవాలి. పురుగు చచ్చాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉండొచ్చు. మందు పనిచేయలేదనుకుని మళ్లీ మళ్లీ పెర్మెత్రిన్ పూస్తే చర్మం మండి కొత్త దురద మొదలవుతుంది.

తామర సంగతి వేరు. మన దేశంలో గత పదేళ్లకి పైగా ఇది మొండిగా మారింది. 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినే అని కొత్తగా పేరు పెట్టిన ఒక రకం క్రిమి మీద టెర్బినఫిన్ అనే తామర మాత్రలు చాలామందిలో పనిచేయడం లేదు. అందుకే "మా బావకి రాసిచ్చిన మాత్ర నాకూ పనికొస్తుంది" అనుకోవడం ఇప్పుడు అసలు కుదరదు.

తామర పరీక్ష నేను కళ్లారా చూశాను. నాయన ముందు వరసలో ఉన్న కుర్రాడికి, ఇరవై రెండేళ్లుంటాయేమో, నడుము చుట్టూ నల్లటి పట్టీలాగా మచ్చ ఉంది. సరిగ్గా మొలతాడు కట్టే చోట. డాక్టరమ్మ సన్నటి బ్లేడుతో మచ్చ మధ్యలో కాకుండా అంచు మీద గీరింది. క్రిమి చురుగ్గా ఉండేది అంచులోనే. పిండి లాంటి పొలుసు గాజుపలక మీద పడింది. దాని మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, కాసేపాగి మైక్రోస్కోప్ కింద పెట్టింది. ఆమె చూశాక మమ్మల్నీ చూడమంది. పలచబడ్డ చర్మపు పెంకుల మధ్య దారప్పోగుల్లాగా కొమ్మలు చీలుతూ పోయిన సన్నటి గీతలు. ఖరీదైన పరికరం లేదు, స్కాన్ లేదు, పది నిమిషాల పని. ఈ పని జరగకుండానే ఆ కుర్రాడు ఏడాదిన్నర ట్యూబులు రాశాడు. గజ్జల్లో చర్మం పలచబడి, గర్భిణుల పొట్ట మీద ఉండేలాంటి చారలు పడ్డాయి. తామర తగ్గుతుంది కానీ ఆ చారలు పోవు.

ఆమె ముందు మొలతాడు తీసేయమంది. ఎప్పుడూ తడిగా ఉండే ఆ తాడే క్రిమికి కాపురం. వాళ్లమ్మ కాసేపు తటపటాయించింది, తర్వాత తనే విప్పించింది. బిగుతు జీన్స్ మానడం, తువాలు ఎవరిది వాళ్లు వాడటం, బట్టలు తిరగేసి ఎండలో ఆరేయడం, మచ్చ మాయమైనా చెప్పినన్ని వారాలు మందు ఆపకపోవడం ఇవన్నీ వైద్యంలో భాగమే. మన చెమటల్లో, రోహిణి కార్తెలో ఇవి పాటించడం చెప్పినంత సులువు కాదని నాకు తెలుసు. అయినా దారి అదే.

పిల్లల్లో మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక ఏళ్ల తరబడి వచ్చిపోయే దురద చాలావరకు అటోపిక్ ఎగ్జిమా. ఇది అంటుకునేది కాదు. చర్మం గోడలో బీటలుంటాయి, తడి బయటికి పోతుంది, చిరాకు పెట్టేవి లోపలికి వస్తాయి. ఇంట్లో ఆస్తమానో, తుమ్ముల జబ్బో ఉన్నవాళ్లు తరచుగా కనిపిస్తారు. దీనికి అసలు మందు బీటలు పూడ్చేది: స్నానం ముగిసి తుడుచుకున్న వెంటనే, చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే మందంగా పూసే మాయిశ్చరైజర్. కొబ్బరినూనె కూడా మేలే చేస్తుంది. బోరు ఉప్పునీళ్లలో సబ్బు సరిగా పోదు, చర్మం మీద పేరుకుని ఇంకా ఎండబెడుతుంది, కాబట్టి సబ్బు తగ్గించాలి.

ఇక్కడ స్టెరాయిడ్ క్రీము కావాలి, భయపడి మానేయకూడదు. ట్యూబు గురించి ఇంత చెప్పాక ఈ మాట వింతగా ఉంటుంది కానీ, పేరు తెలిసి వాడటానికీ తెలియక వాడటానికీ ఉన్న తేడా ఇదే. ఎంత బలమైనది, ఒంట్లో ఎక్కడ, ఎన్ని రోజులు అన్నది డాక్టర్ చెప్పాలి. ఎంత రాయాలో కొలవడానికి ఒక చక్కటి పద్ధతి ఉంది. పెద్దవాళ్ల చూపుడు వేలి చివరి కణుపు పొడవునా ట్యూబు నుంచి ఒక గీత పిండితే అది సుమారు అర గ్రాము. వేళ్లతో కలిపి రెండు అరచేతులంత వెడల్పు చర్మానికి అది సరిపోతుంది. ముఖానికీ మడతలకీ టాక్రోలిమస్ లాంటి స్టెరాయిడ్ కాని పూతలున్నాయి. వేటికీ లొంగని వాళ్లకి డుపిలుమాబ్ సూదులూ, ఇంకొన్ని కొత్త మాత్రలూ వచ్చాయి. ఖరీదు మాత్రం మామూలు కుటుంబం మోయగలిగేది కాదు.

చాలామంది అడిగేది సెటిరిజిన్ గురించి. "అలర్జీ మాత్ర వేసుకుంటున్నా, తగ్గట్లేదబ్బా" అంటారు. అలర్జీ మాత్ర అడ్డుకునేది హిస్టమిన్ అనే రసాయనాన్ని. దురదని మెదడుకి మోసే నరాలు ఆ ఒక్కదానికే లేవవు, ఇంకా ఎన్నో రసాయనాలకి లేస్తాయి. ఎగ్జిమా దురదలో హిస్టమిన్ పాత్ర తక్కువ. కాబట్టి అలర్జీ మాత్రతో పెద్ద ఫలితం ఉండదు. పాతరకం మాత్రలు మత్తు వల్ల నిద్రపట్టిస్తాయి, అంతే. అవి వేసుకుని ఆటో, ట్రాక్టర్ నడపడం ప్రమాదం. దద్దుర్లలో మాత్రం హిస్టమినే ముఖ్యం. దద్దురు ఏదైనా ఒకే చోట 24 గంటలకి మించి ఉండకుండా మాయమై ఇంకోచోట లేస్తుంది. వాటికి మత్తు తక్కువున్న కొత్తరకం మాత్రలు రోజూ, అవసరమైతే డాక్టర్ చెప్పాక మామూలు కన్నా ఎక్కువ మోతాదులో వాడతారు.

పథ్యం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మా అవ్వ నాయనకి వంకాయ, గోంగూర, చేపలు, రొయ్యలు అన్నీ మాన్పించింది. మూడేళ్లు ఆయన చారన్నం తిన్నాడు, దురద ఒక్క వీసం తగ్గలేదు. తిన్న గంటా రెండు గంటల్లో దద్దుర్లు లేస్తే, మళ్లీ తిన్నప్పుడల్లా అలాగే జరిగితే ఆ తిండి మానాలి. పెద్దవాళ్లలో ఏళ్ల తరబడి సాగే దురదకి తిండి కారణం కావడం అరుదు.

ఇంతకీ నాయనది ఏమిటి? డాక్టరమ్మ ఆయన్ని కిటికీ దగ్గరికి రమ్మని, కళ్లు మూసుకోమని రెప్పలు చూసింది. చెవి వెనక చూసింది. గడ్డం ఎత్తించి దాని కింద చూసింది. ఎండ వల్ల వచ్చే దద్దురైతే ఈ మూడు చోట్లకీ ఎండ తగలదు కాబట్టి అవి బాగానే ఉంటాయట. నాయనకి అక్కడే చర్మం మందంగా, నల్లగా, గీతలు గీతలుగా ఉంది. మెడ చుట్టూ, మోచేతి మడతల్లో కూడా. అంటే గాలిలో వచ్చేదేదో ఒంటి మీద పడుతోంది.

"మీ గట్ల మీద వయ్యారిభామ ఉందా?" అని అడిగింది.

గట్ల మీద ఏముంది, రోడ్డు పక్కన, రైలు కట్ట మీద, ఇళ్ల వెనక దిబ్బల మీద అంతా అదే. తెల్లటి చిన్న పూలు, క్యారెట్ ఆకు లాంటి ఆకు. 1950లలో దిగుమతి గోధుమలతో పాటు మన దేశంలో పాకిందని చెప్పే పార్థీనియం మొక్క. దాని పుప్పొడి, ఆకు మీది సన్నటి నూగు, ఎండిన మొక్క పొడి అన్నీ కొందరికి చర్మం మీద అలర్జీ తెస్తాయి. మొదట్లో వానలు పడి కలుపు ఏపుగా లేచిన నెలల్లోనే వస్తుంది, ఏళ్లు గడిచాక ఏడాది పొడవునా ఉండిపోతుంది. నాయనకి సరిగ్గా అలాగే జరిగింది. మొదటి ఏడాది కార్తీకంలో వచ్చి సంక్రాంతి తర్వాత తగ్గింది. "మంచు పడలేదు ఒంటికి" అనుకున్నాం.

ఖాయం చేసుకోవడానికి వీపు మీద ప్యాచ్ టెస్ట్ చేశారు. చిన్న చిన్న గిన్నెల్లాంటి అట్టల్లో రకరకాల పదార్థాలు పెట్టి టేపుతో అంటిస్తారు. 48 గంటలు వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు. మన దగ్గర మే నెలలో ఇది జరిగే పని కాదు, అందుకే డిసెంబర్‌లో రమ్మన్నారు. రెండో రోజు ఒకసారి, నాలుగో రోజు ఒకసారి చూశారు. పార్థీనియం పెట్టిన గడిలో ఎర్రగా, నీటిపొక్కులతో ఉబ్బింది. మిగతావన్నీ మామూలుగానే ఉన్నాయి. మేస్త్రి పని చేసేవాళ్లకి ఇదే పరీక్షలో సిమెంట్‌లోని క్రోమియం బయటపడుతుంది. చేతి తొడుగుల రబ్బరు, తలరంగు కూడా ఇలాగే దొరుకుతాయి. రొయ్యల షెడ్లలో రోజంతా తడిలో చేతులు నానే ఆడవాళ్లకి మాత్రం చాలాసార్లు అలర్జీ కాదు, నీళ్లూ ఐసూ కలిసి చర్మాన్ని కొరికేయడమే కారణం.

పైకి మచ్చగానీ పొక్కుగానీ లేకుండా ఒళ్లంతా దురద పెడుతుంటే అది వేరే కథ, తేలిగ్గా తీసుకోకూడదు. గోకిన గాట్లు తప్ప ఏమీ కనిపించకపోతే కారణం చర్మంలో కాక లోపల ఉండొచ్చు. కిడ్నీలు దెబ్బతిన్నా, పైత్యరసం ఆగినా, థైరాయిడ్ తేడా చేసినా, ఇనుము తగ్గినా, అరుదుగా లింఫ్ గ్రంథుల క్యాన్సర్ అయినా ఇలా వస్తుంది. రక్తకణాల లెక్క, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, లివర్ పరీక్ష, థైరాయిడ్, షుగర్ ఈ మామూలు పరీక్షలతోనే చాలావరకు దారి తెలుస్తుంది. కొత్తగా మొదలుపెట్టిన బీపీ మాత్రల సంగతి కూడా డాక్టర్‌కి చెప్పాలి. గర్భిణికి చివరి మూడు నెలల్లో అరచేతులూ అరికాళ్లూ రాత్రిళ్లు విపరీతంగా దురద పెడితే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. లివర్‌లో పైత్యరసం నిలిచిపోయే ఆ స్థితి కడుపులో బిడ్డకి ప్రమాదం. దీన్ని "వేడి చేసింది" అని వదిలేయడం విన్నప్పుడల్లా నాకు గుండె ఆగినంత పనవుతుంది.

దురదే లేని మచ్చ కూడా ఒకటుంది. పాలిపోయి, గిల్లినా తెలియకుండా ఉండే మచ్చ. అది కుష్ఠు కావచ్చు. నొప్పీ దురదా లేదు కదా అని ఎవరూ పట్టించుకోరు. దానికి ప్రభుత్వ ఆసుపత్రిలో మందు ఉచితం.

2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. మా ఊరి దగ్గర షాపుల్లో నన్ను చీటీ అడిగినవాళ్లు ఇంతవరకు లేరు. ట్యూబు వెనక క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. "సోన్" తోనో "సాల్" తోనో ముగిసిందంటే ముందు అడగండి. మైకోనజోల్ లాంటి బూజు మందు పేర్లు "జోల్" తో ముగుస్తాయి. ఆ రెండూ ఒకే ట్యూబులో కనిపిస్తే కౌంటర్ మీదే వదిలేసి రండి. నెల్లూరు పెద్దాసుపత్రిలోనూ ఒంగోలు రిమ్స్‌లోనూ చర్మవ్యాధుల విభాగం ఉంది. వెళ్లేటప్పుడు వాడిన ట్యూబులు, మాత్రల అట్టలు అన్నీ పట్టుకెళ్లండి. దురద ఎక్కువగా ఉన్న రోజు ఫోనులో ఫొటో తీసి ఉంచుకోండి. వెళ్లేముందు కొన్ని రోజులు ఏ పూతా రాయకుండా ఉండొచ్చా అని ఫోన్ చేసి అడిగితే ఇంకా మంచిది.

నాయనకి ఇప్పుడు ఒంట్లోని రక్షణ దళాన్ని అణచే అజథయోప్రిన్ మాత్రలు నడుస్తున్నాయి, వాటి కోసం డాక్టరమ్మ చెప్పిన తేదీలకి రక్తం పరీక్ష తప్పకుండా చేయించుకుంటున్నాడు. గట్టు మీది వయ్యారిభామని పూత పట్టకముందే కూలీల చేత తొడుగులు వేయించి పీకిస్తున్నాం. ఆ రోజు ఆయన పొలం వైపు రాడు. పొలం నుంచి వచ్చిన వాళ్లెవరైనా బట్టలు బయట బావి దగ్గరే విడిచి, స్నానం చేశాకే లోపలికి వస్తారు. పూర్తిగా పోలేదు. గాలి ఎక్కువగా ఉన్న రోజు మెడ దగ్గర ఇంకా గోకుతూనే ఉంటాడు. కానీ రాత్రి రెండు గంటలకి లేచి, చెక్క దువ్వెనతో వీపు రుద్దుకుంటూ వరండాలో కూర్చోవడం ఆగి ఏడు నెలలైంది. ఆ దువ్వెన ఇంకా గూట్లోనే ఉంది. అమ్మ పడేయబోతే వద్దన్నాడు.